ఒక్క మర వదిలితే ఏం కదలాలి?

సిడ్నీ నుంచి సముద్రాన్ని ఎడమచేతి వైపు పెట్టుకుని దక్షిణంగా వెళ్తే ముందు హెలెన్స్‌బర్గ్ వస్తుంది. 1985లో తెరిచిన శ్రీ వేంకటేశ్వరస్వామి గుడి అక్కడే ఉంది. అదే దిక్కుగా ఇంకో గంట పోతే కయామా ఊరి పక్కన బోంబో క్వారీ. పందొమ్మిదో శతాబ్దంలో రాయి తవ్వుకుని వదిలేసిన చోట నల్లటి బసాల్ట్ స్తంభాలు గోడ కట్టినట్టు మిగిలాయి. వాటి సందుల్లోంచి అలలు ఎగిసి లోపలికి పడుతుంటాయి. ఫొటోలు తీసేవాళ్లకు గోపురమూ కావాలి, ఆ స్తంభాలూ కావాలి. రెండింటికీ కెమెరా మార్చనక్కర్లేదు, లెన్సు మార్చనక్కర్లేదు, మూడు కాళ్ల స్టాండు కూడా ఒకటే చాలు. స్టాండుకీ కెమెరాకీ మధ్య ఉండే హెడ్ మాత్రం రెండు చోట్లా ఒకటే అయితే ఏదో ఒక చోట సతాయిస్తుంది.

హెడ్ కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని కిలోలు మోస్తుందని. అమ్మేవాళ్లకు కూడా ఆ ప్రశ్నే ఇష్టం, ఎందుకంటే పెట్టె మీద పెద్ద అంకె సిద్ధంగా ఉంటుంది. అరకిలో బరువున్న బాల్ హెడ్ మీద 20 కిలోలు, 30 కిలోలు అని రాసి ఉండడం మామూలే. కెమెరా హెడ్‌కు సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు మోసే బరువా, పక్కకు వంచినప్పుడు జారకుండా పట్టే బరువా? అన్ని కంపెనీలూ ఒప్పుకున్న ఒక్క పరీక్షంటూ లేదు కాబట్టి ఒకరి 20నీ ఇంకొకరి 30నీ పక్కపక్కన పెట్టి చూడడంలో అర్థం లేదు. నేనైతే వేరే ప్రశ్న అడుగుతాను. ఒక్క మర వదిలితే ఎన్ని దిక్కులు వదులవుతాయి? ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి హెడ్‌లన్నీ వాటంతటవే జాతులుగా విడిపోతాయి.

కెమెరాకు ఉన్న కదలికలు మూడు. అడ్డంగా తిరగడం, ముందుకూ వెనక్కూ వంగడం, పక్కకు ఒరగడం. బాల్ హెడ్‌లో ఒక్క మర వదిలితే మూడూ ఒకేసారి వదులవుతాయి. మూడు చేతికర్రల పాత పద్ధతి హెడ్‌లో దేని మర దానిదే. గేర్డ్ హెడ్‌లో మూడింటినీ ఒకేసారి వదిలే మరే లేదు. పళ్ల చక్రాన్ని తిప్పితే ఆ ఒక్క కదలిక మాత్రం జరుగుతుంది, చెయ్యి తీస్తే అక్కడే ఆగుతుంది.

ఇప్పుడు గోపురం ముందు నిలబడదాం. రాజగోపురాన్ని కిందినుంచి చూసి కెమెరాను పైకెత్తితే గోపురం వెనక్కి వాలినట్టు పడుతుంది. అసలే అది పైకి పోయేకొద్దీ సన్నబడే కట్టడం. దానికి ఈ వాలు కూడా తోడైతే స్థపతి కట్టిన కొలత ఒకటి, ఫొటోలో కనిపించే కొలత ఇంకొకటి అవుతుంది. కాబట్టి కెమెరాను నిటారుగా, నేలకు లంబంగా నిలబెట్టి, కెమెరాను వంచకుండా పైకి జరపగల షిఫ్ట్ లెన్సుతోనో, దూరం జరిగి తర్వాత కత్తిరించుకునో పని కానిస్తారు. ఇక్కడ అర డిగ్రీ తేడా కూడా కంటికి తెలిసిపోతుంది. బాల్ హెడ్ మీద ఆ అర డిగ్రీ ఒరుగును సరిచేయాలని మర వదిలారనుకోండి, ఒరుగు సరయ్యేలోపు వంపు మారుతుంది. వంపు సరిచేస్తే గోపురం నడిమి గీత పక్కకు జరుగుతుంది. అన్నీ కుదిరాయనుకుని మర బిగించిన క్షణంలో ముందు బరువున్న లెన్సు వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. గేర్డ్ హెడ్‌లో ఈ తంటా లేదు. మాన్‌ఫ్రోటో 410 లాంటి పాత మోడల్ చాలు. ఒరుగు పిడిని పావు చుట్టు తిప్పి, నీటిమట్టం బుడగ నడుమకు రాగానే ఆపెయ్యవచ్చు. మిగతా రెండూ పెట్టినచోటే ఉంటాయి. సిడ్నీ ఆపెరా హౌస్ పెంకుల వంపులకైనా, మెల్‌బోర్న్‌లో అమ్మకానికి పెట్టిన ఇంటి హాలుకైనా ఇదే లెక్క.

అదే హెడ్‌ను తెల్లవారుజామున బోంబోకు మోసుకెళ్తే కథ తిరగబడుతుంది. 410 బరువు 1.2 కిలోల పైమాటే. విమానంలో క్యాబిన్ సామాను 7 కిలోలకు మించనివ్వని టికెట్ మీద వచ్చినవాళ్లకు ఆ భారం తెలుస్తుంది. అక్కడికి చేరాక ఇంకో చిక్కు. తూర్పున వెలుగు నిమిషానికో రంగు తిరుగుతుంది, అల వచ్చే సందు మారుతుంది, కాళ్ల కింద రాయి తడుస్తుంది. మూడు పిడులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుకుంటూ కూర్చునేలోపు చూసిన దృశ్యం ఉండదు. ఉప్పునీటి తుంపర, ఇసుక గేర్ల పళ్లలో చేరితే ఇంటికొచ్చాక కరకరమంటాయి. బాల్ హెడ్ ఇక్కడ రాజు. ఒక చేత్తో వదిలి, కెమెరా తిప్పి, బిగించి రెండు అడుగులు వెనక్కి వేయొచ్చు. ఈ తీరంలో రాళ్ల మీద నిలబడేవాళ్లకు వెనక్కి వేసే ఆ రెండు అడుగుల విలువ తక్కువేమీ కాదు, సముద్రానికి వీపు చూపించకూడదన్నది ఇక్కడ అందరూ చెప్పే మాటే. కాలిఫోర్నియా కంపెనీ అక్రాటెక్ తయారుచేసే రకంలో బంతి చుట్టూ తొడుగు ఉండదు, చట్రం మాత్రమే ఉంటుంది. ఇసుక పడినా మంచినీళ్లతో కడిగేసుకోవచ్చు. సముద్రం పక్కన ఉండేవాళ్లకు పెద్ద బ్రాండు పేరుకన్నా ఆ కట్టుబడి మేలని నా నమ్మకం. బంతికి నూనె మాత్రం రాయకండి. దాని పని జారడం కాదు, పట్టడం.

అయితే ప్రకృతి దృశ్యాలకు బాల్ హెడ్, కట్టడాలకు గేర్డ్ హెడ్ అని గీత గీసేస్తే పని అయిపోయినట్టు కాదు. ఆస్ట్రేలియా ప్రకృతి ఫొటోల్లో రాజకీయాన్ని కదిలించిన బొమ్మ అంటే పీటర్ డొంబ్రోవ్‌స్కిస్ 1979లో టాస్మేనియా ఫ్రాంక్లిన్ నది మీద తీసిన రాక్ ఐలండ్ బెండ్. ఆ నది మీద ఆనకట్ట వద్దన్న ఉద్యమం 1983 ఎన్నికల్లో దాన్ని ప్రకటనగా వాడుకుంది. ఆయన వాడింది 4×5 అంగుళాల ఫిల్ము వేసే లిన్‌హాఫ్ కెమెరా. అలాంటి కెమెరాలో లెన్సును పైకి జరపడం, వంచడం కెమెరా ముందు పలకలోనే ఉంటాయి. హెడ్ చేయాల్సిన పని మట్టంగా, కదలకుండా నిలబెట్టడం వరకే. అంటే ఈ కాలంలో మనం గేర్డ్ హెడ్ దగ్గర ఆశించే సూక్ష్మమైన పనిలో సగం ఆ రోజుల్లో కెమెరా చేసిపెట్టేది. ఆ అమరికలు లేని డిజిటల్ కెమెరా చేతికొచ్చాక ఆ భారం హెడ్ మీద పడింది. పాత మాస్టర్లు మామూలు హెడ్‌తోనే తీశారు కదా అని వాదించేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఈ రెండింటి నడుమ అందరూ చిన్నచూపు చూసే మూడు చేతికర్రల హెడ్ ఒకటుంది. కర్రలు సంచిలో గుచ్చుకుంటాయి, చూడ్డానికి పాతకాలం సరుకు, నిజమే. కానీ ధర తక్కువ, దేని మర దానిదే అన్న గుణం ఉంది, చేతి పట్టు పొడవు కాబట్టి సన్నటి సర్దుబాటు కూడా సాధ్యమే. మొదటి హెడ్‌గా బాల్ హెడ్ కొనమని అందరూ చెప్పేది దాని వేగం చూసి. తొందర లేని పని చేసేవాళ్లకు ఆ సలహా సరిపోదు. ఇంటి వరండాలో పూలకుండీలు, వంటల ఫొటోలు, గుడి శిల్పాలు తీసేవాళ్లు బాల్ హెడ్‌తో పడే అవస్థ చూస్తే ఈ కర్రల హెడ్‌ను వెనకేసుకు రావాలనిపిస్తుంది. నేలకు ఆనుకుని పుట్టగొడుగులో, పడమటి ఆస్ట్రేలియా అడవి ఆర్కిడ్‌లో తీసేటప్పుడు మాత్రం కర్రలు నేలకు తగులుతాయి, అక్కడ పొట్టి పిడుల గేర్డ్ హెడ్‌ను మించింది లేదు.

ఉలూరు దగ్గర ప్రశ్న ఇంకో రకం. 348 మీటర్ల ఎత్తు, చుట్టుకొలత 9.4 కిలోమీటర్లు ఉన్న ఏకశిల. సాయంత్రం ఎరుపెక్కేటప్పుడు దాన్ని ఒక్క ఫ్రేములో కుదించడం కన్నా వరసగా అరడజను ఫొటోలు తీసి అతికించుకుంటారు చాలామంది. ఇక్కడ హెడ్ ఏ జాతిదన్నది రెండో మాట. తిరిగే చక్రం ఎక్కడుంది? మామూలు బాల్ హెడ్‌లో అది బంతికి కింద ఉంటుంది. స్టాండు కాళ్లు మట్టంగా లేకపోతే బంతిని ఎంత సరిచేసుకున్నా, కింది చక్రం తిప్పేసరికి అడుగు అడుగుకీ దిగంతం పక్కకు వాలుతుంది. చక్రం బంతికి పైన, కెమెరా పలక కింద ఉంటే బంతితో మట్టం చేసుకుని పైన హాయిగా తిప్పుకోవచ్చు. లేదా హెడ్ కింద మట్టం చేసే చిన్న గిన్నె లాంటిది పెట్టుకోవాలి. లెన్సు కేంద్రం చుట్టూ తిప్పే ప్రత్యేకమైన పనోరమా పట్టాలు ముందు వరసలో చెట్టో కంచో ఉన్నప్పుడే అవసరం, దూరంగా ఉన్న కొండ ఒక్కటే ఫ్రేములో ఉంటే డబ్బు దండగ. ఉలూరు చుట్టూ అనంగు ప్రజలకు పవిత్రమైన, ఫొటో తీయవద్దని బోర్డులు పెట్టిన చోట్లు ఉన్నాయి. అక్కడ ఏ హెడ్డూ అక్కర్లేదు, కెమెరా సంచిలో పెట్టుకోవాలి.

కదిలేవాటి దగ్గరకు వస్తే పోటీ గింబల్‌కూ ఫ్లూయిడ్ హెడ్‌కూ నడుమ. ఈ పోలికే నాకు అన్నిటికన్నా ఇష్టం, రెండూ పైకి ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి కాబట్టి. రెండింటిలోనూ ఒరుగు అనే కదలిక తీసేశారు. మిగిలిన రెండూ ఎప్పుడూ వదులుగానే ఉంటాయి. అయినా వాటి మనస్తత్వాలు ఉత్తర దక్షిణాలు.

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నీట్, పాయింట్ కుక్ వైపు తెలుగు ఇళ్లు ఎక్కువ. అక్కడికి దగ్గర్లోనే వెర్రిబీ పడమటి మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. పేరు విని ముక్కు మూసుకోనక్కర్లేదు, ఆ చెరువులు చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపున్న పక్షుల నెలవు. అనుమతి తీసుకుని లోపలికి వెళ్లాలి. సైబీరియాలో గుడ్లు పెట్టి వేసవికి ఇక్కడికి వచ్చే ఉల్లంకి జాతి పిట్టలు వేలల్లో దిగుతాయి. కర్లూ శాండ్‌పైపర్ వాటిలో ఒకటి, ఆ జాతి పిట్టలే ఇంకో దారిన మన పులికాట్‌కూ వస్తాయి. ఇలాంటి చోట 600 మి.మీ. లెన్సును బాల్ హెడ్ మీద పెట్టి మర వదిలితే మూడు కిలోల బరువు ఒక్కసారిగా తలవాలుస్తుంది, వేళ్లు నలుగుతాయి. గింబల్‌లో లెన్సు ఇరుసుకు వేలాడినట్టు ఉంటుంది. ముందు వెనకల బరువు సరిగ్గా సర్దితే ఏ కోణంలో వదిలినా అక్కడే నిలుస్తుంది. బిగించాల్సిన పనే లేదు. పిట్ట లేచిన క్షణంలో వేలితో తోస్తే చాలు. అమెరికాలో వింబర్లీ కుటుంబం ఈ పద్ధతికి పేరు తెచ్చింది, ఇప్పుడు చైనా కంపెనీలు దాని నకళ్లు చవగ్గా అమ్ముతున్నాయి. దాని బలహీనత ఒక్కటే. కింద స్టాండు మట్టంగా లేకపోతే ఒరుగును సరిచేసే దారి హెడ్‌లో లేదు, లెన్సు పట్టీని వదిలి తిప్పుకోవాలి.

ఫ్లూయిడ్ హెడ్ ఆస్ట్రేలియా సొంత సరుకు. 1940లలో ఎరిక్ మిల్లర్ అనే ఆస్ట్రేలియన్ కనిపెట్టి పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. ఆయన పేరుతో పెరిగిన మిల్లర్ కంపెనీ సిడ్నీ ఉత్తర శివారు ఆర్టార్మన్ కేంద్రంగా ప్రపంచమంతటా టీవీ కెమెరామన్లకు హెడ్‌లు అందించింది. అంతకు ముందున్న రాపిడి హెడ్‌లలో చిక్కేమిటంటే, కదలకముందు పట్టు ఎక్కువ, కదిలాక తక్కువ. దాంతో పానింగ్ మొదలయ్యే చోట కుదుపు తప్పదు. లోపల చిక్కటి ద్రవం ఉంటే బెల్లం పాకంలో గరిటె తిప్పినట్టు ఉంటుంది. మెల్లగా తిప్పితే లొంగుతుంది, గబుక్కున లాగితే ఎదురు నిలుస్తుంది. చేతి వణుకు కెమెరా దాకా పోదు.

కూచిపూడి అరంగేట్రాన్ని హాలు వెనకనుంచి చిత్రీకరిస్తున్నారనుకోండి. తరంగంలో నర్తకి పళ్లెం అంచుల మీద నిలబడి వేదిక ఒక చివరనుంచి రెండో చివరకు జరుగుతుంది. ఆ జరుగుడు మెల్లగా మొదలై, నడుమ వేగం అందుకుని, తీర్మానం దగ్గర ఆగుతుంది. గింబల్ మీద దీన్ని వెంబడిస్తే తీసేవాడి ఊపిరి కూడా ఫ్రేములో కనిపిస్తుంది, అడ్డుపడే ద్రవం లేదు కనుక. ఫ్లూయిడ్ హెడ్ ఆ మొదలునూ ఆగడాన్నీ మెత్తగా మోస్తుంది. అదే హెడ్‌తో వెర్రిబీలో గాలిలోకి లేచిన గుంపును ఫొటో తీయబోతే ద్రవం చెయ్యి వెనక్కి లాగుతుంది, పిట్ట ముందుంటుంది, కెమెరా వెనకుంటుంది. ఫొటో ఒక్క క్షణానిది, కుదుపు దానికి అంటదు. వీడియోలో కుదుపే తప్పు. ఇది తెలియక పక్షుల కోసం ఖరీదైన ఫ్లూయిడ్ హెడ్ కొన్నవాళ్లూ, పెళ్లి వీడియోల కోసం గింబల్ కొన్నవాళ్లూ నాకు తెలుసు. ఫ్లూయిడ్ హెడ్‌కు ఇంకో సుఖం కూడా ఉంది. 75 లేదా 100 మి.మీ. గిన్నె ఉన్న స్టాండు మీద కూర్చుంటుంది కనుక కాళ్లు ఎలా ఉన్నా ఒక్క మర వదిలి మట్టం చేసేయవచ్చు. గింబల్‌కు లేని ఒరుగు సర్దుబాటు ఇక్కడ పునాదిలో ఉంది.

లెన్సులు తేలికయ్యేకొద్దీ గింబల్ అవసరం తగ్గుతోందన్నది కూడా చెప్పాలి. ఐదు కిలోలు దాటిన పాత 600 మి.మీ. లెన్సుకు అది ప్రాణాధారం. రెండు కిలోల జూమ్‌తో కారు కిటికీలోంచి తీసేవాళ్లకు బియ్యం నింపిన సంచి చాలు. వెర్రిబీలో చాలామంది చేసేది అదే. పెళ్లిళ్ల ఫొటోల సంగతి ఎత్తను, అక్కడ స్టాండు పెట్టే చోటే దొరకదు.

రాత్రి ఆకాశం దగ్గర ఈ వాదనలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. పాలపుంత నడిబొడ్డు విజయవాడలో ఎంత పైకి వచ్చినా దిగంతం నుంచి 45 డిగ్రీల లోపే ఉంటుంది. సిడ్నీలో అది నడినెత్తికి ఐదు డిగ్రీల దూరంలో నిలుస్తుంది. జూన్, జూలై నడిరాత్రి దాన్ని తీయాలంటే కెమెరా దాదాపు నిలువుగా ఆకాశం చూడాలి. ఇండియాలో ఏ చిక్కూ లేకుండా పనిచేసిన హెడ్ ఇక్కడ మొరాయించేది ఇందుకే. మాన్‌ఫ్రోటో గేర్డ్ హెడ్‌లు ఒక వైపు 90 డిగ్రీలు వంగినా, రెండో వైపు 20, 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. కెమెరాను వెనకాముందూ తిప్పి బిగించుకుంటే తప్ప పైకి చూడవు. పగలు గోపురం దగ్గర గెలిచిన హెడ్ ఇలా రాత్రి ఓడుతుంది. బాల్ హెడ్ పక్కనున్న గాడిలోకి కెమెరాను వాల్చితే 90 డిగ్రీలూ దొరుకుతాయి. గాడి ఉన్న వైపు స్టాండు కాలు ఒకటి ఉండేలా చూసుకోవాలి, బరువంతా పక్కకు వేలాడి స్టాండు దొర్లకుండా. చీకట్లో మూడు పిడులు తడుముకోవడం కన్నా ఒక్క మర నయం కూడా.

నక్షత్రాలను వెంబడించే ట్రాకర్ పెట్టుకున్నవాళ్లకు బాల్ హెడ్ మళ్లీ శత్రువవుతుంది. ట్రాకర్ ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. ఉత్తరాన ధ్రువనక్షత్రం సాయం చేస్తుంది. దక్షిణ ధ్రువం దగ్గరున్న సిగ్మా ఆక్టాంటిస్ మామూలు కంటికి చీకటి చోట కూడా అతి కష్టం మీద ఆనే మినుకు చుక్క. దాన్ని దుర్భిణిలో పట్టుకుని ఇరుసును కొంచెం కొంచెంగా జరపాలి. ట్రాకర్ కింద బాల్ హెడ్ పెడితే ఎత్తు సరిచేసేసరికి దిక్కు పోతుంది, చుక్క మళ్లీ మొదటినుంచి వెతకాలి. అక్కడ కావలసింది ఎత్తుకొక మర, దిక్కుకొక మర ఉన్న వెడ్జ్. అది గేర్డ్ హెడ్‌కు చిన్న తమ్ముడే. ట్రాకర్ పైన కెమెరాకు మాత్రం బాల్ హెడ్ కావాలి, ఆకాశంలో ఎటైనా చూడాలి గనుక. ఒకే స్టాండు మీద రెండు జాతులూ ఇలా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి.

మామూలు హెడ్‌కు మోటారు పెట్టి నక్షత్రాల వెంట తిప్పితే సరిపోదా అని కొందరు అడుగుతారు. దీనికి జవాబు న్యూ సౌత్ వేల్స్‌లో వారంబంగిల్ కొండల దగ్గర, సైడింగ్ స్ప్రింగ్ శిఖరం మీద ఉంది. అక్కడి 3.9 మీటర్ల ఆంగ్లో-ఆస్ట్రేలియన్ టెలిస్కోప్ 1974 నాటిది, ఇరుసును భూమి ఇరుసు వైపు వంచి కట్టారు. ఒక్క కదలికతో నక్షత్రం వెంట పోతుంది. ఖగోళ ఫొటోగ్రాఫర్ డేవిడ్ మాలిన్ రంగుల నెబ్యులా చిత్రాల్లో ఎన్నో దాని దగ్గరే పుట్టాయి. అదే కొండ మీద ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ 1984లో తెరిచిన 2.3 మీటర్ల టెలిస్కోప్ మన పాన్-టిల్ట్ హెడ్ పద్ధతిలో అడ్డంగా, నిలువుగా కదులుతుంది. కట్టడం తేలిక, కానీ కంప్యూటరు రెండు ఇరుసులనూ ఒకేసారి నడపాలి, అప్పటికీ బొమ్మ తనలో తాను తిరుగుతుంది గనుక దాన్ని సరిచేసే మూడో చక్రం కూడా కావాలి. మన దగ్గర ఆ మూడో చక్రం ఉండదు. అందుకే ట్రాకర్.

ఇక్కడ స్థిరపడి, అన్నీ కొంచెం కొంచెం తీసేవాళ్లకు నా మాట ఇది. స్టాండు, పైన మట్టం చేసే గిన్నె, దాని మీద ఓ మంచి బాల్ హెడ్. గుళ్లూ ఇళ్లూ ఎక్కువ తీసేవాళ్లు ఆ డబ్బుకు పాత గేర్డ్ హెడ్ సెకండ్‌హ్యాండ్‌లో చూసుకోవచ్చు, పళ్లు అరగలేదని పిడి తిప్పి చూసి తీసుకుంటే ఏళ్లు వస్తుంది. గింబల్ అద్దెకు తెచ్చుకోవచ్చు. రెండు హెడ్‌లు మార్చి మార్చి వాడేవాళ్లు ప్లేటు సంగతి మరవకూడదు. ఆర్కా-స్విస్ పద్ధతి పలక వెడల్పు సుమారు 38 మి.మీ. అయినా ఒక్కో కంపెనీ పలక అంచు ఒక్కో రకంగా ఉంటుంది, మీట నొక్కి బిగించే పట్టుల్లో కొన్ని వదులుగా కూర్చుంటాయి. మర తిప్పి బిగించే పట్టు ఆ తేడాను సర్దుకుంటుంది. మాన్‌ఫ్రోటో 410కి పలకే వేరు. కెమెరా అడుగున ఉన్న పలకతో సహా షాపుకు వెళ్లి, అక్కడే బిగించి, లెన్సు కొసను వేలితో తట్టి చూసి కొనండి.